ఏలికపాముల మీద మందు పరీక్ష: ఆల్బెండజోల్ కన్నా మోదుగ గింజల కషాయమే మేలని రాయవచ్చా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది ఆముదాలవలస దగ్గర పల్లె. ఇంట్లో ఎప్పుడూ నాటుకోళ్లు ఉంటాయి. వానలు పడ్డాయంటే చాలు, పిల్లలు తిన్నది ఒంటపట్టక రెక్కలు వాల్చి మూల చేరతాయి, పెట్టలు గుడ్లు తగ్గిస్తాయి. నట్టల మందు తెచ్చే వీలు లేనప్పుడు మా నాయనమ్మ మోదుగ గింజలు నూరి, ఆ పొడిని నూకలతో కలిపి వేసేది. అందుకే ప్రాజెక్టుకు ఆ గింజలనే ఎంచుకున్నాను. కోడి పేగులో ఉండే పెద్ద ఏలికపాము, అంటే ఆస్కారిడియా గల్లై మీద మోదుగ గింజల కషాయం ఎంత పనిచేస్తుందో చూడాలి.

పాముల కోసం ఏడు రోడ్ల కూడలి దగ్గర నాటుకోళ్లు కోసే కొట్టుకు ఆదివారాలు వెళ్తున్నాను. కొట్టాయన పేగులు పక్కన పెట్టి ఇస్తారు. సెలైన్‌లో పేగును పొడవునా చీల్చి, పాములను బ్రష్‌తో తీసి, కడిగి, పెట్రి పళ్లేలలో ఇంక్యుబేటర్‌లో 37 డిగ్రీల దగ్గర పెడుతున్నాను. ఒక పళ్లెంలో ఉత్త సెలైన్, ఒకదానిలో పిపరజీన్ సిట్రేట్, ఒకదానిలో ఆల్బెండజోల్ మాత్ర నూరి కలిపిన నీళ్లు, మిగిలిన మూడింటిలో మూడు మోతాదుల కషాయం.

పిపరజీన్ పళ్లెంలో పాములు తొందరగానే చలనం ఆపేశాయి. అన్నిటికన్నా చిక్కని కషాయంలో మధ్యాహ్నానికల్లా కదలిక లేదు. ఆల్బెండజోల్‌లో మాత్రం సాయంత్రం నేను ఇంటికి బయలుదేరే సమయానికి కూడా మెలికలు తిరుగుతూనే ఉన్నాయి. మళ్లీ చేసినా అదే ఫలితం. ప్రాజెక్టులో సాయం చేస్తున్న సీనియర్ ఒకరు "ఇంకేం కావాలి, ఆల్బెండజోల్ కన్నా కషాయమే బలమైనదని రాసెయ్" అన్నారు. నాకు మనసు ఒప్పడం లేదు. ఆల్బెండజోల్ వాడితే మా కోళ్ల రెట్టలో పాములు పడడం నేను కళ్లారా చూశాను. మరి పళ్లెంలో ఎందుకు చావడం లేదు? అసలు పాము చచ్చిందా, చచ్చుబడిందా అన్నది ఎలా తేల్చాలి?

ఇంకో సందేహం కూడా. పక్కింటి వాళ్ల కోడిపిల్లలు రక్తపు రెట్టలు వేస్తుంటే ఆ రెట్ట తెచ్చి సూక్ష్మదర్శినిలో చూశాను, కాక్సిడియా (కోడి పేగులో పెరిగే ఏకకణ పరాన్నజీవి) ఊసిస్టులు, అంటే రెట్టతో బయటపడే దాని గుడ్డులాంటి పెంకు దశలు, కుప్పలుగా ఉన్నాయి. వాటి మీద కాక్సిడియాకు వాడే ఆంప్రోలియం మందు వేసి పరీక్షించి, దానిని కూడా ప్రాజెక్టులో చేర్చవచ్చా?

పాత సూక్ష్మదర్శిని (విజయనగరం)

అమ్మా, ముందుగా ఒక మాట. ఆ వాక్యం రాయకు. ఎవరు చెప్పినా రాయకు. నీ మనసు ఒప్పుకోకపోవడానికి తగిన కారణమే ఉంది.

నా ఉద్యోగమంతా పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలలో, పరాన్నజీవుల బల్ల ముందే గడిచింది. మందు పరీక్ష చేయాలంటూ పిల్లలు వచ్చినప్పుడల్లా నేను మొదట అడిగేది ఒకటే: ఆ మందు నట్టను ఎలా చంపుతుంది? దానికి జవాబు తెలియకుండా పళ్లెం ముందు గడియారం పట్టుకుని కూర్చుంటే గడియారం ఏదో ఒక అంకె చెబుతుంది, ఆ అంకె మందు గురించి ఏమీ చెప్పదు.

పిపరజీన్ పాము కండరాన్ని సడలిస్తుంది. లెవామిసోల్ అనే ఇంకో నట్టల మందు అందుకు విరుద్ధంగా కండరాన్ని బిగదీస్తుంది. రెండూ నరాలూ కండరాలూ కలిసే చోట పనిచేసేవే కాబట్టి కదలిక ఆగిపోవడం వెంటనే కంటికి కనిపిస్తుంది. ఆల్బెండజోల్ దారి వేరు. అది పాము కణాలలోని ట్యూబులిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని, సూక్ష్మనాళికలు కట్టుకోకుండా అడ్డుపడుతుంది. పాము పేగు కణాలు గ్లూకోజును లోపలికి తీసుకోలేక, నిల్వ ఉన్న గ్లైకోజెన్ కరిగిపోయి, అది మెల్లగా నీరసించి చస్తుంది. కోడి కడుపులో ఆ పని జరగడానికి సమయం పడుతుంది. నువ్వు పొద్దున వేసి సాయంత్రం చూస్తే అది మెలికలు తిరుగుతూ ఉండడంలో వింత లేదు. నీ పరీక్ష కొలిచింది కదలికను. ఆల్బెండజోల్ ముందుగా దెబ్బ కొట్టేది కదలికను కాదు.

దానికి తోడు ఆల్బెండజోల్ నీటిలో దాదాపుగా కరగదు. మాత్ర నూరి కలిపితే పళ్లెం అడుగున తెల్లటి మడ్డి చేరి ఉంటుంది, గమనించావా? పాముకు తగిలింది మాత్రలోని పిండిపదార్థమే ఎక్కువ. శుద్ధమైన పొడి తెచ్చి డైమిథైల్ సల్ఫాక్సైడ్‌లో కరిగించి, తర్వాత ద్రావణంలో కలపాలి. పళ్లెంలో దాని పాలు 1 శాతం దాటకూడదు. అదే పాళ్లలో ఆ ద్రావకం మాత్రమే ఉన్న పళ్లెం ఒకటి వేరుగా పెట్టాలి. మందు చంపిందా, మందును కరిగించిన ద్రవం చంపిందా అన్నది ఆ పళ్లెం లేకుండా ఎవరూ చెప్పలేరు. పైగా కోడి ఒంట్లో ఆల్బెండజోల్‌ను కాలేయం సల్ఫాక్సైడ్ రూపంలోకి మారుస్తుంది, పాముల మీద ఆ రూపం కూడా పనిచేస్తుంది. పళ్లెంలో కాలేయం ఉండదు కదా.

చావు, చచ్చుబాటు సంగతి. కదలడం ఆగిన పామును మందులోంచి తీసి, రెండు మూడు సార్లు కడిగి, మందు లేని గోరువెచ్చని సెలైన్‌లో వేసి ఆగు. పిపరజీన్ పాములు కొన్ని మళ్లీ కదలడం మొదలుపెడతాయి. కోడిలోనూ జరిగేది ఇదే. పిపరజీన్ పామును చంపనక్కర లేదు, పట్టు విడిచేలా చేస్తే చాలు, పేగు కదలికే దానిని బయటికి తోసేస్తుంది. కడిగాక కూడా కదలని వాటిని సూది మొనతో తల దగ్గరా తోక దగ్గరా తాకి చూడు. అప్పటికీ చలనం లేకపోతే 50 డిగ్రీల వేడి నీళ్లలో ముంచు. అప్పుడు కూడా ముడుచుకోని దానినే చచ్చిందని రాయాలి. నోట్‌బుక్‌లో రెండు వేర్వేరు గడులు ఉండాలి, ఒకటి చచ్చుబాటుకు, ఒకటి చావుకు.

ఇక కషాయం. మోదుగ మీద నీకున్న నమ్మకం వట్టిది కాదు. ఆ గింజల్లోని పాలసోనిన్ అనే పదార్థానికి నట్టలపై పనిచేసే గుణం ఉందని మన దేశంలోనే తేల్చారు. కానీ ఆ పాలసోనిన్ కాంతరిడిన్ కుటుంబానికి చెందింది. కాంతరిడిన్ అంటే కొన్ని జాతుల గట్టి రెక్కల పురుగుల్లో ఉండే, ఒంటికి తగిలితే బొబ్బలెక్కించే విషం. గింజలు నూరేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకో, పొడి కళ్లలో పడనివ్వకు. పళ్లెంలో పామును చంపిన మోతాదు కోడి పేగు పొరను కూడా గాయపరచవచ్చన్న సంగతి నీ చర్చ అధ్యాయంలో ఉండి తీరాలి.

నేను అన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. నీ చిక్కని కషాయం పీహెచ్ ఎంత? చూశావా? గింజల కషాయాల్లో ఆమ్లగుణం ఉండవచ్చు, టానిన్లు ఉండవచ్చు. టానిన్లు పాము పైపొరలోని ప్రోటీన్లను పట్టేస్తాయి. చిక్కదనం వల్ల పాము ఒంట్లోని నీరు బయటికి లాగేయబడవచ్చు కూడా. ఈ మూడింటిలో ఏది జరిగినా పాము చస్తుంది, కానీ దానిని నట్టల మందు గుణం అనలేం. కొద్దిగా నిమ్మరసంతో సెలైన్‌ను అదే పీహెచ్‌కు తెచ్చి ఒక పళ్లెంలో పెట్టు. అందులో కూడా పాములు చస్తే ఇన్నాళ్లూ నువ్వు పులుపును పరీక్షించావన్న మాట.

ఉత్త సెలైన్‌లో పాముకు తిండి లేదు. గ్లూకోజు ఉన్న టైరోడ్ ద్రావణం చేసుకో. కోడి ఒంటి వేడి 41 డిగ్రీల దాకా ఉంటుంది, కాబట్టి 37 దగ్గర కాక 39, 40 దగ్గర పెడితే మేలు. కంట్రోల్ పళ్లెంలో, అంటే మందు లేని పళ్లెంలో పాములు మందగిస్తే ఆ రోజు అంకెలు ఏవీ పనికిరావు. కొట్టులో పేగు తీసిన వెంటనే వెచ్చని ద్రావణం ఉన్న ఫ్లాస్కులో వేసుకుని తెచ్చుకో. బ్రష్‌తో లాగినప్పుడు పైపొర చిట్లిన వాటిని పక్కన పెట్టు. పళ్లేలకు అంకెలు మాత్రమే వేయించు, ఏ అంకె ఏ మందో నీకు తెలియకూడదు, ఆ చీటీ స్నేహితురాలి దగ్గర ఉండాలి. కదలిక తగ్గిందా లేదా అన్నది కంటితో తేల్చే విషయం. కంటికి ఆశ ఉంటుంది.

కోట దగ్గరి బోధకురాలు (విజయనగరం)

నేను ఫార్మసీ కళాశాలలో పాఠం చెబుతాను. పెద్దాయన చెప్పినవన్నీ అక్షరాలా నిజం. నా వంతుగా రెండు మాటలు.

మా విద్యార్థులలో చాలామంది ఈ పరీక్షను వానపాముల మీద చేస్తారు. ఏలికపాముతో పోలిక ఉందన్న పేరుతో ఏళ్లుగా నడుస్తున్న పద్ధతి ఇది. తడి మట్టి తవ్వితే దొరుకుతాయి, ఖర్చు లేదు, అనుమతులు అక్కరలేదు. కానీ వానపాము చర్మంతో ఊపిరి పీలుస్తుంది. కొంచెం పులుపో సబ్బునురుగో తగిలితే చాలు విలవిల్లాడుతుంది. ఏలికపాముకు గట్టి పైపొర ఉంటుంది, అది బతికేదే జీర్ణరసాల మధ్య. రెండూ వేర్వేరు వర్గాల జీవులు. అందుకే ఆస్కారిడియా మీదే చేయాలని నువ్వు అనుకోవడం చూసి నాకు సంతోషంగా ఉంది. ఈ కష్టం వదిలిపెట్టవద్దు. వానపాముల పరీక్షను మొదటి జల్లెడగా వాడుకోవచ్చు, అక్కడితో ఆగి "నట్టల నివారిణి" అని రాయడమే నాకు నచ్చని పని.

రెండో మాట. "చిక్కని కషాయం", "పల్చని కషాయం" అన్న మాటలు ప్రాజెక్టులో పనికిరావు. కషాయాన్ని వడపోసి, నీటిని ఆవిరి చేసి, మిగిలిన ముద్దను తూచి, మిల్లీలీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు అని చెప్పగలగాలి. ఒక్కొక్క మోతాదు ముందుదానికి సగం ఉండేలా ఐదారు మోతాదులు తీసుకుంటే సగం పాములు చచ్చే మోతాదు ఎంతో గీత గీసి చెప్పవచ్చు. మందుల మధ్య పోలికకు ఆ మోతాదే ఆధారం, ఏది ముందు చంపిందన్నది కాదు.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

సార్, మేడం, ఇంత ఓపికగా రాసినందుకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. పళ్లెం అడుగున తెల్ల మడ్డి ఉన్న మాట నిజమే సార్. పీహెచ్ కాగితం ముంచి చూశాను, చిక్కని కషాయంలో స్పష్టంగా పులుపు వైపే రంగు మారింది.

అయితే ఆల్బెండజోల్‌ను అసలు ప్రయోగశాలలో పరీక్షించడమే కుదరదా సార్? గొర్రెల నట్టలకు గుడ్లు పొదిగే పరీక్ష ఉందని పుస్తకంలో చదివాను. అది కోడి ఏలికపాముకు వాడవచ్చా?

పాత సూక్ష్మదర్శిని (విజయనగరం)

మంచి ప్రశ్న అడిగావు. ఆ పరీక్షను ఉన్నది ఉన్నట్టుగా వాడలేవు. కారణం ఆ పాము జీవితంలోనే ఉంది. గొర్రెల పేగు నట్టల గుడ్లు రెట్టలోనే ఒకటి రెండు రోజుల్లో పగిలి పిల్ల బయటికి వస్తుంది. ఆస్కారిడియా గుడ్డు నేల మీద పగలదు. లోపల పిల్ల తయారై, చుట్టుకుని, గట్టి పెంకులోనే నెలల తరబడి ఎదురుచూస్తుంది. కోడి దానిని మింగాకే బయటపడుతుంది. కాబట్టి గుడ్డు పొదిగిందా అని చూడడం కాదు, గుడ్డులో పిల్ల ఎదిగిందా అని చూడాలి. ఆల్బెండజోల్ జాతి మందులకు ఈ పరీక్ష బాగా సరిపోతుంది. గుడ్డులోని ఒక్క కణం రెండై, నాలుగై పిల్లగా మారాలంటే ప్రతి విభజనకూ సూక్ష్మనాళికలు కావాలి. మందు అడ్డుకునేది వాటినే. పెద్ద పాములో రోజులు పట్టే దెబ్బ గుడ్డులో మొదటి మెట్టులోనే కనిపిస్తుంది.

చేసే తీరు చెబుతాను. ఆడపాములు తీసుకో, పొడవుగా, లావుగా ఉండేవి అవే, 7 నుంచి 11 సెంటీమీటర్ల దాకా ఉంటాయి. పామును కోసి తెరిస్తే తెల్లని దారాల్లా రెండు గర్భాశయ గొట్టాలు కనబడతాయి. అవి రెండూ కలిసి బయటికి వచ్చే చోటికి దగ్గరగా ఉన్న ముక్కను మాత్రమే కత్తిరించుకో. పైభాగంలో ఫలదీకరణ జరగని, పెంకు గట్టిపడని గుడ్లుంటాయి, అవి ఎలాగూ ఎదగవు, అంకెలను పాడుచేస్తాయి. ఆ ముక్కను నీళ్లలో గాజుకడ్డీతో మెల్లగా నొక్కి, సన్నని జాలీలో వడపోసి, గుడ్లను కడుగు. మొనలు లేని కోలగుడ్లు, మందమైన నున్నని పెంకు, లోపల ఒకే ఒక్క ముద్ద. మొదటి రోజు నీకు కనబడాల్సింది ఇది.

రెట్టలోంచి గుడ్లు ఏరవద్దు. సీకంలో, అంటే గుడ్డిపేగులో ఉండే హెటెరాకిస్ అనే చిన్నపాము గుడ్డు కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. సూక్ష్మదర్శినిలో రెంటినీ విడదీయడం చేయి తిరిగిన వాళ్లకే కష్టం. పాము కడుపులోంచి తీస్తే ఆ అనుమానమే ఉండదు.

చిన్న గుంతల పళ్లెంలో గుడ్లు వేసి, ఒక్కొక్క వరుసకు ఒక్కొక్క మోతాదు మందు, ఒక వరుస ఉత్త నీళ్లు, ఒక వరుస ద్రావకం. 25 నుంచి 30 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచు. మధ్యలో నీళ్లు ఆరిపోకుండా చూసుకో. ఆ తర్వాత ప్రతి గుంతలో నూరు గుడ్లు లెక్కపెట్టి, పిల్ల ఎదిగినవి ఎన్ని, ఆగిపోయినవి ఎన్ని, ఎక్కడ ఆగాయి అని రాయి. మందు లేని వరుసలో ఎక్కువ భాగం గుడ్లు ఎదగకపోతే ఆ పళ్లెం లెక్కలోకి రాదు, మళ్లీ పెట్టు. మోదుగ కషాయాన్ని కూడా ఇదే పళ్లెంలో ఇంకో వరుసగా పెట్టు. పెంకు దాటి లోపలికి వెళ్లగలిగిందా లేదా అన్నది కూడా తేలుతుంది.

ఇప్పుడు ఊసిస్టుల సంగతి. ఆంప్రోలియంను ఊసిస్టుల మీద పరీక్షించవద్దు, అది ఎంత చేసినా తేలేది ఏమీ ఉండదు. రెట్టలోంచి వచ్చిన ఊసిస్టులను 2.5 శాతం పొటాషియం డైక్రోమేట్‌లో పల్చగా పోసి, గాలి ఆడేలా, 28 డిగ్రీల దగ్గర ఉంచితే రెండు రోజుల్లో ఒక్కొక్క దానిలో నాలుగు గదులు, ఒక్కొక్క గదిలో ఇద్దరు పిల్లలు తయారవుతారు. చూడడానికి ఎంత అందంగా ఉంటుందో మాటల్లో చెప్పలేను, తప్పకుండా చేసి చూడు. కానీ ఆ ఎదుగుదలను ఆపగలదా అని చూసే పరీక్ష అమ్మోనియాలాంటి షెడ్డు శుభ్రపరిచే రసాయనాలకు తగినది. ఆంప్రోలియం థయమిన్‌ను, అంటే బీ1 విటమిన్‌ను పోలి ఉండి, ఆ విటమిన్ పరాన్నజీవికి అందకుండా చేస్తుంది. అది దెబ్బతీసేది కోడి పేగు కణంలోకి చొరబడ్డాక మొదటి తరంగా పెరిగే దశను. బయట ఊసిస్టు దశలో దానికి పని లేదు. సాలినోమైసిన్, మొనెన్సిన్ లాంటి కాక్సిడియా మందులు పేగులో విడుదలై ఇంకా కణంలో దూరని పిల్లల మీద పనిచేస్తాయి. వీటిని బయట పరీక్షించాలంటే ఊసిస్టుల పెంకు గాజుపూసలతో పగలగొట్టి, ట్రిప్సిన్, పిత్తలవణాలతో 41 డిగ్రీల దగ్గర పిల్లలను విడిపించి, ఆవు మూత్రపిండం నుంచి తెచ్చి పెంచిన కణాల మీద వదిలి, ఎన్ని లోపలికి చొరబడ్డాయో లెక్కించాలి. కణాలు పెంచే ప్రయోగశాల ఉంటే తప్ప ఇది నీ చేతిలో లేని పని. ఈ ప్రాజెక్టు నుంచి కాక్సిడియాను తీసెయ్. ఒక్క పామును పూర్తిగా చూడు.

చీపురుపల్లి కోళ్ల రైతు

అయ్యా, మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. నేను చదువుకున్నవాడిని కాదు, బ్రాయిలర్ షెడ్డు నడుపుతున్నాను. ఆంప్రోలియం మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. వానాకాలంలో మూడు నాలుగు వారాల పిల్లలకు రక్తపు రెట్టలు వస్తే ఆంప్రోలియం నీళ్లలో కలిపి పోస్తాం. ఒకప్పుడు రెండో రోజుకే తేడా కనిపించేది. ఈ మధ్య పోసినా పిల్లలు పోతూనే ఉన్నాయి. మందు అమ్మే వాళ్లను అడిగితే ఈ మందుకు రోగం అలవాటు పడిపోయింది, ఖరీదైనది వాడమంటున్నారు. నీరసం తగ్గాలని బీకాంప్లెక్స్ టానిక్ కూడా అదే డబ్బాలో కలుపుతున్నాం. అది నిజంగా అలవాటు పడిందో లేదో తేల్చే పరీక్ష ఏదైనా ఉందా?

పాత సూక్ష్మదర్శిని (విజయనగరం)

బాబూ, మీరు మధ్యలో దూరడం మంచిదైంది. ఈ పరీక్షలన్నీ అసలు ఉన్నది మీ షెడ్డు కోసమే.

మందుకు అలవాటు పడిందని అనుకునే ముందు ఆ టానిక్ ఆపండి. బీకాంప్లెక్స్‌లో బీ1 ఉంటుంది. ఆంప్రోలియం పనిచేసేదే పరాన్నజీవికి బీ1 అందకుండా చేసి. మీరు ఒకే డబ్బాలో రెండూ పోస్తే ఒకటి కడుపు మాడుస్తుంటే ఇంకొకటి అన్నం పెడుతోంది. మందు పోసే రోజుల్లో విటమిన్లు వద్దు, మందు కోర్సు పూర్తయ్యాక ఇవ్వండి.

ఇంకొకటి. సీకంలో ఉండే ఎయిమీరియా టెనెల్లా అనే కాక్సిడియా జాతిలో రక్తం కారేది రెండో తరం పగిలేటప్పుడు, పిల్ల ఊసిస్టులు మింగిన నాలుగైదు రోజులకు. ఆంప్రోలియం దెబ్బ మొదటి తరం మీద. కాబట్టి రక్తం వేస్తున్న పిల్లకు మందు అప్పటికే ఆలస్యమైంది, అది కాపాడేది ఇంకా రక్తం వేయని పక్క పిల్లలను. జబ్బు పిల్లలు నీళ్ల దగ్గరికి రావు కూడా. చనిపోయిన వాటిని చూసి మందు పనిచేయలేదని లెక్క వేయవద్దు. మందు పోసిన మూడో రోజు నుంచి కొత్తగా ఎన్నిటికి రక్తం కనబడుతోందో లెక్క పెట్టండి. డబ్బాల చుట్టూ తడిసిన ఊక రోజూ తీసేయండి, ఊసిస్టు ఎదగడానికి తడి, వెచ్చదనం, గాలి మూడూ అక్కడే దొరుకుతాయి. ఫినాయిల్ చల్లితే అవి చావవు.

ఇవన్నీ సరిచేశాక కూడా మార్పు లేకపోతే అప్పుడు అసలు పరీక్ష ఉంది. అది పళ్లెంలో జరిగేది కాదు, పిల్లల మీదే జరగాలి. మీ షెడ్డు రెట్టలోని ఊసిస్టులను ఎదిగించి, కాక్సిడియా సోకకుండా తీగ గూళ్లలో పెంచిన పిల్లలకు తాగిస్తారు. ఒక గుంపుకు రోగమూ లేదు, మందూ లేదు. ఒక గుంపుకు రోగం మాత్రమే. మిగతా గుంపులకు రోగంతో పాటు ఒక్కొక్క మందు. ఆరేడు రోజులయ్యాక పిల్లలను తూచి, కోసి, సీకంలో గాయాలు చూస్తారు. గాయం లేకపోతే 0, సీకం గడ్డకట్టిన రక్తంతో ఉబ్బిపోతే 4. 1970లో జాన్సన్, రీడ్ అనే ఇద్దరు పెట్టిన ఈ మార్కుల పద్ధతే నేటికీ ప్రపంచమంతటా నడుస్తోంది. బరువు పెరిగిన శాతం, బతికిన శాతం కలిపి, అందులోంచి గాయాల సూచి, రెట్టలోని ఊసిస్టుల సూచి తీసేస్తే ఒక అంకె వస్తుంది. 180 దాటితే ఆ మందు మీ షెడ్డు కాక్సిడియా మీద బాగా పనిచేస్తోంది. 120 కన్నా దిగితే ఇక దాని మీద డబ్బు పెట్టవద్దు. ఖరీదైన మందు అమ్మే వాళ్లను ఈ అంకె చూపించమని అడగండి.

బతికిన కోళ్ల మీద ప్రయోగం కాబట్టి సంస్థ నైతిక సంఘం అనుమతి ఉన్న చోటే ఇది చేయాలి. మనకు దగ్గరలో గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. రక్తపు రెట్ట, అప్పుడే చనిపోయిన పిల్ల ఒకటి తీసుకుని వెళ్లండి. ఏ జాతి కాక్సిడియా అన్నది పేగు తెరిస్తేనే తెలుస్తుంది, సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

చీపురుపల్లి కోళ్ల రైతు

టానిక్ సంగతి ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదయ్యా. రేపే ఆపేస్తాను. ఈ బ్యాచ్ అయ్యాక ఎలా ఉందో ఇక్కడే రాస్తాను. మరి నాటుకోళ్లకు నట్టల మందు పనిచేసిందో లేదో ఇంటి దగ్గర తెలుసుకోవచ్చా? మా ఇంట్లో అవి కూడా ఉన్నాయి.

కోట దగ్గరి బోధకురాలు (విజయనగరం)

ఇది నేను చెబుతాను. మందు వేసే రోజున రెట్ట, మళ్లీ రెండు వారాల తర్వాత అవే కోళ్ల రెట్ట తెచ్చి ప్రయోగశాలలో ఇవ్వండి. 4 గ్రాముల రెట్టను 56 మిల్లీలీటర్ల చిక్కని ఉప్పునీటిలో కలిపి, మెక్‌మాస్టర్ గాజుపలకలో పోస్తే గుడ్లు పైకి తేలతాయి. రెండు గదుల్లోనూ కనబడిన గుడ్లను 50తో హెచ్చిస్తే గ్రాము రెట్టకు ఎన్నో తెలుస్తుంది. ముందు లెక్కలో ఎంత శాతం తగ్గిందన్నదే మందు బలం. తాజా రెట్ట తెండి. తెల్ల కొస ఉండే మామూలు రెట్టే తెండి. జిగటగా గోధుమరంగులో ఉండేది సీకం రెట్ట, దానిలో వేరే పాము గుడ్లు ఎక్కువ ఉంటాయి. కొన్ని కోళ్లకు మందు వేయకుండా వదిలి వాటి రెట్ట కూడా తెస్తే ఇంకా మంచిది. ఎందుకంటే గుడ్ల సంఖ్య దానంతట అదే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

సార్, గైడ్ గారితో మాట్లాడాను. ప్రాజెక్టు పేరు మార్చుకున్నాను. కదలిక పరీక్ష పిపరజీన్, లెవామిసోల్, కషాయాలకే. ఆల్బెండజోల్‌కు గుడ్డులో పిల్ల ఎదిగే పరీక్ష. పులుపు సరిచేసిన కషాయం పళ్లెం, అంతే పులుపు ఉన్న సెలైన్ పళ్లెం రెండూ పెట్టాను. సరిచేసిన కషాయంలో పాములు అంతకు ముందు కన్నా చాలా ఆలస్యంగా చచ్చుబడ్డాయి, కానీ చచ్చుబడ్డాయి. అంటే మోదుగలో ఏదో ఉంది, నేను మొదట అనుకున్నంత లేదు. ఇలాగే రాస్తాను.

ఒక్క సందేహం. గుడ్లు పెట్టిన గుంతల పళ్లెం నీళ్లు ఆరిపోకుండా మూత చుట్టూ టేపు అంటించాను. రెండు వారాలు అలాగే ఉంచవచ్చా?

పాత సూక్ష్మదర్శిని (విజయనగరం)

టేపు తీసెయ్ అమ్మా. గుడ్డులో పిల్ల ఎదగడానికి గాలి కావాలి. మూత పైన పెట్టి వదిలెయ్, పళ్లేన్ని తడి దూది పరిచిన డబ్బాలో ఉంచు, రెండు రోజులకోసారి తెరిచి చూసి, తగ్గినంత నీళ్లు పోసెయ్. కషాయం వరుసలో బూజు పట్టే అవకాశం ఎక్కువ, అది కనబడితే ఆ గుంతను లెక్కలోంచి తీసేసి, తీసేశానని రాయి.